కర్నూలు, కడప సీమల కోటలు

కర్నూలు, కడప సీమల కోటలు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని రాయలసీమ ప్రాంతంలో మధ్యయుగంలో నిర్మించబడిన దుర్గాలు. వీటిలో పెన్నా నది ఒడ్డున ఉన్న గండికోట, సిద్ధవటం కోటలు, తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలు కోట (నేడు మిగిలిన దానిలో ముఖ్యమైనది కొండారెడ్డి బురుజు), ఆదోని కొండలపై ఉన్న ఆదోని కోట ప్రధానమైనవి. ఇవి గాక నొస్సం, కోయిలకుంట్ల, చెన్నంపల్లి మొదలైన చోట్ల పాలెగాళ్ళ కాలపు చిన్న కోటలు, బురుజులు శిథిలావస్థలో కనబడతాయి. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇవి కర్నూలు, నంద్యాల, వైఎస్ఆర్ కడప జిల్లాలలో ఉన్నాయి.

రాయలసీమ వర్షాభావ ప్రాంతం. అందువలన ఇక్కడి కోటల చరిత్ర గోడల చరిత్ర మాత్రమే కాదు, నీటి చరిత్ర కూడా. ముట్టడి పడిన కోట ఎన్నాళ్ళు నిలుస్తుందనేది గోడ ఎత్తు మీద ఎంత ఆధారపడేదో, లోపలి చెరువులో ఉన్న నీటి మీద కూడా అంత ఆధారపడేది. ఈ కోటలను చూడడానికి వెళ్ళేవారు బురుజులతో పాటు కోనేళ్ళను, చెరువులను, ధాన్యాగారాలను కూడా గమనిస్తే వాటి నిర్మాణం సులభంగా అర్థమవుతుంది.

భౌగోళిక స్వరూపం

ఈ ప్రాంతానికి తూర్పున నల్లమల కొండలు, మధ్యలో ఎర్రమల కొండలు ఉన్నాయి. రెంటి నడుమ కుందూ నది లోయ ఉంది. ఉత్తరాన తుంగభద్ర, కృష్ణా నదులు, దక్షిణాన పెన్నా నది ప్రవహిస్తున్నాయి. సాలు సరి వర్షపాతం సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అది కూడా ఏటా ఒకే విధంగా కురవదు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది.

భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు పురాతన శిలలను కడప శిలాసముదాయం అని పిలుస్తారు. ఇళ్ళకు, గచ్చుకు వాడే కడప బండలు, బేతంచెర్ల రాళ్ళు ఈ ప్రాంతపు సున్నపురాతి పొరల నుండి లభించేవే. గండికోట వద్ద పైకి కనిపించే గట్టి ఎర్రరాతి పొరకు శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైట్ అని ఈ ఊరి పేరే పెట్టారు. ఈ రాతిని కోసుకొని పెన్నా నది లోతైన లోయను ఏర్పరచింది. ఆ లోయ అంచున అదే రాతితో కోటను కట్టారు. అందుకే కొన్ని చోట్ల కొండ ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో దూరం నుండి గుర్తించడం కష్టం.

దుర్గాల రకాలు

ప్రాచీన రాజనీతి గ్రంథాలు దుర్గాలను గిరిదుర్గం, జలదుర్గం, వనదుర్గం, స్థలదుర్గం మొదలైన రకాలుగా విభజించాయి. ఈ ప్రాంతంలో దాదాపు అన్ని రకాలకూ ఉదాహరణలు లభిస్తాయి.

గిరిదుర్గం: ఆదోని. కోట కొండల శిఖరాలను కలుపుకొని ఉంటుంది.

జలదుర్గం: సిద్ధవటం. ఒకవైపు పెన్నా నది సహజమైన కందకంగా పనిచేస్తుంది.

స్థలదుర్గం: కర్నూలు. చదునైన నేలపై, తుంగభద్ర, హంద్రీ నదుల కలయిక వద్ద కట్టబడింది.

గండికోటకు గిరిదుర్గ, జలదుర్గ లక్షణాలు రెండూ ఉన్నాయి. చుట్టూ ఉన్న అడవుల వలన పూర్వం వనదుర్గ లక్షణం కూడా ఉండేది.

చరిత్ర

విజయనగర కాలం

14వ శతాబ్దంలో విజయనగర రాజ్యం ఏర్పడిన తరువాత ఈ ప్రాంతం క్రమంగా దాని ఏలుబడిలోకి వచ్చింది. కోటలను ఆధారంగా చేసుకొని పరిసర గ్రామాలను సీమలుగా విభజించి, నాయకుల ద్వారా పాలించేవారు. సైన్యాన్ని పోషించి, యుద్ధ సమయంలో రాజుకు తోడు రావడం నాయకుల విధి. సైన్యాన్ని పోషించాలంటే పంట కావాలి, పంటకు చెరువు కావాలి. కాబట్టి కోటను పాలించినవారే చెరువులను కూడా తవ్వించారు.

దీనికి మంచి ఉదాహరణ కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని పాలించిన భాస్కరరాయలు దీనిని కట్టించాడు. క్రీ.శ. 1369 నాటి అక్కడి శాసనంలో, రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు పనిచేయగా రెండేళ్ళలో కట్ట పూర్తయినట్లు చెక్కబడి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలు, ఉండకూడని దోషాలు కూడా ఈ శాసనం వివరిస్తుంది.

విజయనగర పతనానంతరం

1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు తరలిపోయారు. ఆదోని 1568లో బీజాపూరు సుల్తానుల వశమైంది. 16వ శతాబ్దం చివరలో గోల్కొండ సైన్యాలు గండికోటను పట్టుకున్నా నిలుపుకోలేకపోయాయి. 17వ శతాబ్దం మధ్యలో మాత్రం గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటతో సహా ఈ ప్రాంతాన్ని జయించాడు. ఆ శతాబ్దం చివర మొగలుల దండయాత్రలతో బీజాపూరు, గోల్కొండ రాజ్యాలు రెండూ అంతరించాయి.

18వ శతాబ్దంలో కడపను మయానా వంశపు నవాబులు, కర్నూలును పఠాను నవాబులు పాలించారు. మైసూరు పాలకుడు హైదర్ అలీ 1779లో కడప నవాబు రాజ్యాన్ని ఆక్రమించాడు. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో కడప ప్రాంతం నిజాముకు దక్కింది. 1800లో నిజాము కడప, బళ్ళారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వీటినే దత్తమండలాలు అని పిలిచారు.

పాలెగాళ్ళ కాలం

కంపెనీ ఏలుబడి మొదలయ్యేనాటికి దత్తమండలాలలో సుమారు 80 మంది పాలెగాళ్ళు ఉండేవారు. ఒక్కొక్కరికి ఒక కోటో, బురుజో, కొంత బలగమో ఉండేది. 1800 నుండి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో వారి బలగాలను రద్దుచేసి, అధికారాలు తొలగించి, కొందరికి భరణాలు ఏర్పాటు చేశాడు. దానితో ఊరూరా ఉన్న చిన్న కోటల అవసరం తీరిపోయింది. వాటి రాళ్ళు క్రమంగా ఇళ్ళకు, బావులకు, కట్టలకు తరలిపోయాయి.

పాలెగాళ్ళ తిరుగుబాట్లలో చివరి పెద్ద ఘట్టం ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. నొస్సం పాలెగాడైన జయరామిరెడ్డికి ఈయన దౌహిత్రుడు. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడితో తిరుగుబాటు మొదలైంది. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను చాలాకాలం పాటు కోయిలకుంట్ల కోటకు వేలాడదీసి ఉంచారని చెబుతారు. నరసింహారెడ్డి గురించిన జానపద గీతాలు రేనాటి సీమలో నేటికీ వినిపిస్తాయి.

ప్రధానమైన కోటలు

గండికోట

వైఎస్ఆర్ కడప జిల్లా జమ్మలమడుగుకు సుమారు 15 కి.మీ. దూరంలో, పెన్నా నది కుడిగట్టున గండికోట ఉంది. ఎర్రమల కొండలను చీల్చుకొని నది ప్రవహించే చోటును గండి అంటారు. గండి వద్ద ఉన్న కోట గండికోట. నది వైపు నిటారైన లోయ, మిగిలిన వైపుల ఎత్తైన రాతి ప్రాకారం కోటకు రక్షణగా ఉన్నాయి.

గండికోట కైఫీయతు ప్రకారం ఈ కోటకు క్రీ.శ. 1123లో కాకరాజు పునాది వేశాడు. ఈయన కళ్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడని కూడా చెబుతారు. అయితే ఆహవమల్లుడని పేరుపొందిన మొదటి సోమేశ్వరుడు 1042 నుండి 1068 వరకు పాలించాడు. కాబట్టి ఈ రెండు విషయాలకు పొంతన కుదరదు. ఇప్పుడు కనబడే రాతి ప్రాకారాలలో, ఆలయాలలో ఎక్కువ భాగం విజయనగర కాలానికి, ఆ తరువాతి కాలానికి చెందినవి.

విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు గండికోటను పాలించారు. వీరిలో పెమ్మసాని రామలింగ నాయుడు శ్రీకృష్ణదేవరాయల దండయాత్రలలో పాల్గొని ప్రసిద్ధి చెందాడు. చివరి నాయకుడైన చినతిమ్మ నాయుడు మీర్ జుమ్లా సైన్యాన్ని ఎదుర్కొన్నాడు. కోట యుద్ధంలో కాక నమ్మకద్రోహం వలన పడిపోయిందని, పొదిలి లింగన్న తిమ్మనాయునికి విషం పెట్టాడని స్థానిక కథనం.

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో మీర్ జుమ్లాను కలుసుకోవడానికి గండికోటకు వచ్చాడు. కోటకు చేరే దారి ఎంత ఇరుకైనదో, కింద లోయ ఎంత భయంకరమైనదో తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. కొండపైన చదునైన నేలలో వరి, చిరుధాన్యాలు పండేవని, చిన్న చిన్న ఊటల నీటితో ఆ పొలాలు తడిసేవని కూడా వ్రాశాడు. మీర్ జుమ్లా ఉత్తరాలను కాలివేళ్ళ సందున, ఎడమచేతి వేళ్ళ సందున ఇరికించుకొని ఒక్కొక్కటిగా చదివించి జవాబులు చెప్పేవాడని ఆయన వర్ణన. ఆలయాలలోని లోహ విగ్రహాలను తెప్పించి, ఒక ఫ్రెంచి పనివాని చేత ఫిరంగులు పోతపోయించే ప్రయత్నం జరిగినట్లు కూడా ఈ గ్రంథం వలన తెలుస్తున్నది.

కోటలో చూడదగినవి:

ప్రధాన ద్వారం: మలుపులు తిరిగిన దారి, దాని వెనుక మరో గోడ ఉంటాయి. శత్రువుల ఏనుగులు వేగంగా వచ్చి తలుపులను కుమ్మకుండా దారిని ఇలా మలిచారు. భారీ కొయ్య తలుపులకు ఇనుప రేకులు, మేకులు తాపడం చేశారు.

మాధవరాయస్వామి ఆలయం: విజయనగర శైలిలో ఎత్తైన గోపురం, చెక్కడపు స్తంభాల మండపాలు గల ఆలయం.

రంగనాథస్వామి ఆలయం: మాధవాలయం కంటే చిన్నది. ధాన్యాగారానికి సమీపంలో ఉంది.

జామియా మసీదు: రెండు మీనార్లు, విశాలమైన ఆవరణ, చుట్టూ వరుసగా గదులు ఉన్నాయి.

ధాన్యాగారం: మసీదు పక్కనే ఉన్న పెద్ద కట్టడం. పైకప్పు కమాను ఆకారంలో ఉంటుంది.

జైలు, చార్మినార్: చార్మినార్ అని స్థానికులు పిలిచే చిన్న గోపురం పావురాల గూడు అని చెబుతారు.

రాయలచెరువు, కత్తుల కోనేరు: కోటలోని ప్రధాన నీటి వనరులు. యుద్ధం ముగిసిన తరువాత కత్తులను ఈ కోనేటిలో కడిగేవారని, అందుకే నీరు ఎర్రగా ఉంటుందని ప్రతీతి. ఇక్కడి రాయి, మన్ను కూడా ఎర్రనివే అని గమనించాలి.

ధాన్యాగారం, మసీదు, ఆలయం, చెరువు కొద్ది దూరంలోనే ఉండడం వలన కోటలోని దైనందిన జీవితం ఎలా సాగేదో ఇక్కడ సులభంగా ఊహించవచ్చు. గండికోట గ్రామం నేటికీ కోట లోపలే ఉంది.

సిద్ధవటం

కడప పట్టణానికి తూర్పున సుమారు 20 కి.మీ. దూరంలో, పెన్నా నది ఉత్తరపు ఒడ్డున సిద్ధవటం కోట ఉంది. ముప్పై ఎకరాలకు పైగా విస్తరించిన ఈ కోటకు దక్షిణపు గోడ వెంబడి నది ప్రవహిస్తుంది. పూర్వం సిద్ధులు ఇక్కడి వటవృక్షాల క్రింద తపస్సు చేశారని, అందువలన ఈ పేరు వచ్చిందని చెబుతారు.

మొదట మట్టికోటగా ఉన్న దీనిని మట్లి వంశపు రాజులు రాతికోటగా మార్చారు. వీరిలో మట్లి అనంతరాజు కవి కూడా. కకుత్స్థ విజయము అనే కావ్యాన్ని రచించాడు. తరువాత కోట కడప నవాబుల చేతికి వచ్చింది. 1779లో హైదర్ అలీ దాడిచేసినపుడు నవాబు అబ్దుల్ హలీం ఖాన్ ఈ కోటలోనే తలదాచుకొని, చివరకు లొంగిపోయాడు. ఆయనను శ్రీరంగపట్నానికి తరలించారు.

కంపెనీ పాలనలో 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కొంతకాలం సిద్ధవటం జిల్లా కేంద్రంగా ఉంది. శత్రువులను అడ్డుకోవడానికి పనికివచ్చిన నది, కచేరీకి మాత్రం అడ్డంకి అయింది. పెన్నా పొంగినపుడు ఊరికి రాకపోకలు నిలిచిపోయేవి. తరువాత జిల్లా కేంద్రం కడపకు మారింది.

పడమటి వైపున ఉన్న ప్రధాన ద్వారంపై చెక్కడపు పని చూడదగినది. కోట లోపల సిద్ధేశ్వరాలయం, కామాక్షి ఆలయం, బిస్మిల్లా షా వలీ దర్గా ఉన్నాయి. నది వైపు గోడ మీద నిలబడితే ఇసుకతో నిండిన పెన్నా, దాని ఆవలి ఊళ్ళు కనిపిస్తాయి. సంవత్సరంలో ఎక్కువకాలం నది సన్నని పాయగానే ఉంటుంది.

సిద్ధవటానికి సమీపంలోని లంకమల అడవులలో, అంతరించిపోయిందని భావించిన కలివికోడి అనే పక్షిని 1986 జనవరిలో తిరిగి కనుగొన్నారు. ఆ తరువాత ఇక్కడ శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది.

కర్నూలు కోట, కొండారెడ్డి బురుజు

అలంపురం ఆలయ నిర్మాణానికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్రను దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకొనేవని, అందువలన ఈ ఊరికి కందెనవోలు అని పేరు వచ్చిందని, అదే కర్నూలుగా మారిందని స్థానిక కథనం. కోటను 16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయలు కట్టించాడని చెబుతారు. నేడు కోటలో చాలా భాగం పట్టణంలో కలిసిపోయింది. పట్టణం నడిబొడ్డున కొండారెడ్డి బురుజు, నది వైపు ఎర్రబురుజు, కొద్దిపాటి గోడలు మిగిలాయి. అలంపురం పాలకుడైన కొండారెడ్డిని కర్నూలు పాలకులు ఇక్కడ బంధించారని, అతని పేరే బురుజుకు నిలిచిందని ప్రతీతి. బురుజు నుండి తుంగభద్ర అడుగున గద్వాల వరకు సొరంగం ఉందని కూడా చెప్పుకుంటారు.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో పెద్దఎత్తున ఆయుధాలు దాస్తున్నాడన్న ఆరోపణపై కంపెనీ సైన్యం కోటను సోదా చేసింది. ఆయుధాలు బయటపడ్డాయి. నవాబును బందీగా తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి సంవత్సరం ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు దాని రాజధాని అయింది. 1956 వరకు రాజధానిగా కొనసాగింది.

2009 అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర, హంద్రీ పొంగి పట్టణంలో చాలా భాగం మునిగిపోయింది. కోటను కాపాడడానికి ఎన్నుకున్న నదుల కలయికే, ఊరు పెరిగిన తరువాత ప్రమాదానికి కారణమైంది.

ఆదోని

ఆదోని కోట పట్టణాన్ని ఆనుకొని ఉన్న కొండలపై విస్తరించి ఉంది. వీటిలో బారాకిల్లా, తాళిబండ అనేవి ఎత్తైనవి. పైన పెద్ద పెద్ద బండరాళ్ళ నడుమ గోడలు, ద్వారాలు, నీటి గుంటలు కనిపిస్తాయి. విజయనగర రాజ్యపు ఉత్తర సరిహద్దులో, తుంగభద్ర, కృష్ణల అంతర్వేదికి దక్షిణాన ఉండడం వలన ఈ కోట కోసం అనేక యుద్ధాలు జరిగాయి.

బీజాపూరు పాలనలో సిద్ది మసూద్ ఖాన్ ఆదోనికి అధిపతిగా ఉన్నాడు. పట్టణంలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. 1688లో ఆయన ఔరంగజేబు సైన్యానికి లొంగిపోయాడు. 18వ శతాబ్దంలో నిజాము సోదరుడు బసాలత్ జంగ్ ఆదోని నుండి పాలించాడు. 1786లో టిప్పు సుల్తాను కోటను పట్టుకొని, గోడలను పడగొట్టించాడు. అందువలన ఇక్కడ మిగిలినవి చాలావరకు శిథిలాలే. కొండపైన రణమండల ఆంజనేయస్వామి ఆలయానికి భక్తులు నిత్యం వెళ్తుంటారు.

నేటి పరిస్థితి, పరిరక్షణ

గండికోట, సిద్ధవటం కోటలలోని ప్రధాన కట్టడాలు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్నాయి. పురాతన కట్టడాల చట్టం (1958) ప్రకారం రక్షిత కట్టడాలను పాడుచేయడం, వాటిపై పేర్లు వ్రాయడం, అనుమతి లేకుండా తవ్వడం నేరం. 2010 నాటి సవరణ ప్రకారం రక్షిత ప్రదేశానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. గండికోట వంటి చోట్ల ప్రజలు కోటలోపలే నివసిస్తున్నారు కాబట్టి, కట్టడాల రక్షణ, నివాసుల ఇళ్ళ అవసరాలు రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

గుప్తనిధుల కోసం జరిగే తవ్వకాలు ఈ ప్రాంతపు కోటలకు, పాత ఆలయాలకు పెద్ద ముప్పు. రాజులు పారిపోతూ ధనాన్ని పాతిపెట్టారన్న నమ్మకంతో రాత్రిపూట గోడల పునాదులను, విగ్రహాల పీఠాలను త్రవ్వుతుంటారు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వకాలు జరిగాయి. ఇటుకలు, జంతువుల ఎముకలు బయటపడ్డాయి గానీ నిధి దొరకలేదు. పురావస్తు పరిశోధకుల దృష్టిలో ఏ వస్తువు ఏ మట్టిపొరలో దొరికిందన్నదే చరిత్రకు ఆధారం. పొరలు ఒకసారి చెదిరితే ఆ ఆధారాన్ని తిరిగి పొందడం సాధ్యం కాదు.

గాలేరు నగరి సుజల స్రవంతి పథకంలో భాగంగా గండికోట వద్ద పెన్నాపై జలాశయం నిర్మించబడింది. దీని పూర్తి సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా జలాలు కాలువల ద్వారా ఇక్కడికి వస్తాయి. జలాశయం వలన కొండాపురం మండలంలోని పలు గ్రామాలు మునకకు గురయ్యాయి. 2020లో నీటిమట్టాన్ని పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు ప్రజలు పునరావాసం పూర్తికాకుండానే ఊరు ఖాళీ చేయవలసి వచ్చిందని నిరసన తెలిపారు. కోట దిగువన మైలవరం జలాశయం ఉంది. సందర్శకులు లోయలో చూసే నీటి వెనుక ఈ జలాశయాల చరిత్ర, ఊళ్ళు వదిలిన వారి చరిత్ర కూడా ఉన్నాయి.

2024లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు ఇచ్చే ప్రత్యేక సహాయ పథకం క్రింద గండికోట పర్యాటక అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

సందర్శకులకు సూచనలు

అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ కోటలను చూడడానికి అనువైన కాలం. మార్చి నుండి జూన్ వరకు ఎండ తీవ్రంగా ఉంటుంది. ఆ కాలంలో వెళ్ళేవారు ఉదయమో, సాయంత్రమో మాత్రమే కొండలు ఎక్కడం మంచిది. పాత చెరువులు, కోనేళ్ళలోని నీరు త్రాగడానికి పనికిరాదు కాబట్టి త్రాగునీరు వెంట తీసుకువెళ్ళాలి.

గండికోటకు జమ్మలమడుగు నుండి రోడ్డు మార్గం ఉంది. నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో ప్రారంభమైన తరువాత జమ్మలమడుగుకు రైలు సౌకర్యం కలిగింది. ముంబై, చెన్నై ప్రధాన మార్గంలోని ముద్దనూరు కూడా దగ్గరి స్టేషనే. కోట సమీపంలో రాష్ట్ర పర్యాటక సంస్థ వసతిగృహం ఉంది. లోయ అంచున చాలాచోట్ల కటకటాలు లేవు. వానాకాలంలో బండలు జారుతాయి. ఫోటోల కోసం అంచుకు వెళ్ళడం ప్రాణాపాయం.

సిద్ధవటానికి కడప నుండి బస్సులు ఉన్నాయి. కడప నుండి రాజంపేట వెళ్ళే దారిలో ఉన్న ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని కూడా అదే రోజు చూడవచ్చు.

కర్నూలుకు హైదరాబాదు, బెంగుళూరు జాతీయ రహదారి, రైలు మార్గం ఉన్నాయి. ఓర్వకల్లు వద్ద విమానాశ్రయం 2021లో ప్రారంభమైంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

ఆదోని ముంబై, చెన్నై రైలు మార్గంలో ఉంది. కర్నూలు నుండి సుమారు 100 కి.మీ. దూరం. కోట చూడడానికి కొండ ఎక్కవలసి ఉంటుంది. ఒంటరిగా కాక, స్థానికుల తోడుతో వెళ్ళడం మంచిది.

గండికోట చూసినవారు కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను కూడా చూస్తుంటారు. సున్నపురాతిని భూగర్భ జలాలు కరిగించడం వలన ఏర్పడిన ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. ఎండిన నేలగా కనబడే ఈ సీమలో నీరు రాతిని ఎలా మలిచిందో గండికోట లోయ నేలపైన, బెలుం గుహలు నేల అడుగున చూపిస్తాయి. బనగానపల్లె సమీపంలో అరుంధతి కోట అని ప్రసిద్ధి పొందిన భవనం నిజానికి కోట కాదు. అది బనగానపల్లె నవాబుల విడిది. 2009లో విడుదలైన అరుంధతి చలనచిత్రం తరువాత ఆ పేరు స్థిరపడింది.

ఇవి కూడా చూడండి

పెన్నా నది
దత్తమండలాలు
పెమ్మసాని నాయకులు
మట్లి రాజులు
పోరుమామిళ్ళ చెరువు
ఉయ్యాలవాడ నరసింహారెడ్డి
బెలుం గుహలు